గడువున్నది సైకిలుకే!

నగరాల సైకిల్ క్లబ్బులు పల్లె దారుల్లో తొక్కే దూరాభారపు సవారీ పేరు బ్రెవే. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు.

పందెం కాదట. ముందొచ్చినా, ఆఖరున వచ్చినా ఒకటే. దారిలో కార్డు మీద ముద్ర పడాలి. పతకం కావాలా? డబ్బు కట్టి కొనుక్కోవాలి!

కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో కేరియర్ మీద కొబ్బరికాయల మూటతో తొక్కే పెద్దాయనకు ఆ యోగం లేదు. కార్డు లేదు, ముద్ర లేదు. బేరం తెగితే అదే పతకం.

సైకిలుకింత నిక్కచ్చి గడువు కదా, మరి రైలుకో? కోటిపల్లి-నర్సాపురం లైను 2000-01లో మంజూరైంది. ఆ రైలు రాలేదు, కోనసీమ ఇంకా సైకిలు తొక్కుతూనే ఉంది.

రైల్వే వారికీ ఓ బ్రెవే కార్డు ఇప్పించండి బాబూ!