వన్స్‌మోర్ కొట్టిన ఊళ్ళు

ఇప్పుడు మా ఊళ్ళో నాబోటివాడు బజార్లో నిలబడి గొంతెత్తి పద్యం అందుకుంటే పక్కవాడు ముందు నోటి వాసన చూస్తాడు, ఆ తర్వాత 108కి ఫోన్ చేస్తాడు. మా రోజుల్లో ఇట్లా కాదు. గొర్రు తోలేవాడు సాలు మళ్ళించుకుంటూ రాయబారం పద్యం ఎత్తుకుంటే, గట్టవతల గుంటక తోలేవాడు రాగం అందుకునేవాడు. ఇద్దరిదీ వేలిముద్రే. అక్షరం ముక్క రాదు, పద్యం ముక్క తప్పదు. మోహన ఏదో కానడ ఏదో పేరు పెట్టి చెప్పలేరు గానీ, తప్పు రాగం తీస్తే మాత్రం "అది గాదురోయ్" అని చేలో నుంచే అరవగలరు.

ఈ చదువు వాళ్ళకి ఏ బళ్ళో చెప్పారు? నాటకంలో.

మాది పర్చూరు వాగు పక్క ఊరు. రేగడి నేల. సాగరు నీళ్ళు రాకముందు జొన్న, వరిగ, పెసర, శనగ, ఇంత పొగాకు, ఇంత పత్తి. పంట ఇల్లు చేరాక శివరాత్రి నుంచి మృగశిర కార్తె దాకా మనిషికి తీరుబడే తీరుబడి. ఆ తీరుబడి ఉండబట్టే నాటకం ఉంది. చందాలేసుకుని కంట్రాక్టరుకి బయానా ఇచ్చి వచ్చేవాళ్ళం. ఎద్దుల బండ్లు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు దిగేవి. పెట్రోమాక్స్ లైట్లు, ముందు వరసలో చాపలు, హార్మణీ పెట్టె మీద చెయ్యి పడగానే పిల్లాడు కూడా నోరు మూసేవాడు. తెల్లారిందాకా ఆట. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చెరువు గట్టు మీద రాత్రి ఆట మీద తీర్పులు. కృష్ణుడు బాగానే పాడాడు గానీ మూడో పద్యంలో ఊపిరి అందలేదని మా చాకలి మామ చెప్పాడంటే, ఇక ఆ కృష్ణుణ్ణి మరుసటేడు పిలవరు. అంతే.

ఈ మాటలు చెబితే "ఆ రోజుల్లో కళాకారులు గొప్పోళ్ళు" అంటారు. గొప్పోళ్ళే. స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్ల. ఈలపాట రఘురామయ్య గారిది సుద్దపల్లి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలో. మా మనవడికి ఈ పేర్లు చెబితే ఫోన్లో కొట్టి చూసుకున్నాడు, నేను అబద్ధమాడుతున్నానేమోనని! కానీ నేను చెప్పేది వాళ్ళ గురించి కాదు, ఎదురుగా కూర్చున్న వాళ్ళ గురించి. మా చాకలి మామ లాంటివాళ్ళు ఊరికి యాభై మంది ఉండబట్టే స్టేజీ మీదవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. నాటకం ఊరికి చెవి తయారుచేసింది. ఆ చెవి నాటకాన్ని తనకి కావలసినట్టు దిద్దుకుంది. ఏది ముందో నన్నడగొద్దు.

దిద్దుకోవటమంటే ఊరికే అనటం లేదు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాట ఒకటి తెలుగువాళ్ళందరికీ తెలుసు. అది నాటకకర్త రాసింది కాదు. సత్యభామ వేషం కట్టిన స్థానం వారే తన వేషానికి చాలినంత విసురు లేదనిపించి రాసుకున్నారు. జనం పట్టుకున్నారు. ఇక ఆ పాట లేకుండా సత్యభామ తెర ఇవతలికి రావటానికి వీల్లేకుండా పోయింది.

అంతకంటే పెద్ద ముచ్చట కాటిసీనుది. సత్యహరిశ్చంద్ర రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు, ఆయనా ఈ సీమవాడే. కానీ కాటిసీనులో హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూసి పాడే పద్యాలు, మా ప్రాంతంలో ముసలీ ముతకా కళ్ళు తుడుచుకునే ఆ పద్యాలు, బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారివి. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా శ్మశానం మీద విడిగా రాసుకున్న ఖండిక అది. నటులు తెచ్చి నాటకంలో పెట్టారు, ఊళ్ళు వన్స్‌మోర్ కొట్టాయి, అవి నాటకంలో భాగమైపోయాయి. వేటపాలెం డి.వి. సుబ్బారావు గారు ఆ పద్యాలు ఎత్తుకుంటే జనంలో నుంచి దగ్గు కూడా వినపడేది కాదు.

ఇక్కడ నా నోట్లో ఒక ముల్లుంది, అది కూడా చెప్పాలి. ఆ పద్యాలకి ముందు వరసలో కూర్చుని ఏడ్చిన పెద్దమనుషులు, వాటిని రాసిన కవిని కులం పేరు చెప్పి పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. మాలపల్లె వాళ్ళు పందిరికి అవతల, చీకట్లో, వేరే కూర్చునేవాళ్ళు. రాజు కాటికాపరి కింద నౌకరీ చేసే కథని ఊరంతా రెండు ముక్కలుగా కూర్చుని చూసింది. చావు ముందు రాజూ పేదా ఒకటేనన్న పద్యానికి చప్పట్లు కొట్టి, తెల్లారి బావి దగ్గర ఎవరి చేద వాళ్ళదే. జాషువాకి వన్స్‌మోర్ కొట్టిన ఈ జిల్లాల్లోనే 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు జరిగాయి. అందుకే కళ మనిషిని మారుస్తుందని సభల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. మారుస్తుంది, కాదనను. ఎంత మారుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది కూడా చెప్పి దిగమనండి.

మారిన చోట్లు లేకపోలేదు. పొన్నెకల్లు నాజర్ గారు 1920లో దూదేకుల ఇంట్లో పుట్టారు. పత్తి పండే నేల గనక పత్తి ఏకేవాళ్ళు ఉంటారు. ఆ ఇళ్ళల్లో నుంచి ఇంత గొంతు వస్తుందని ఎవరనుకున్నారు! ఆయన జీవితకథకి పేరే 'పింజారి'. జంగాలు ఇంటింటికీ తిరిగి చెప్పుకునే కథని ప్రజానాట్యమండలి రోజుల్లో వీధి నడుమకి తెచ్చి, బుర్రకథ అంటే నాజరే అనిపించారు. మాచర్ల వాళ్ళూ గురజాల వాళ్ళూ ఇంకా పౌరుషాలు పోయే సీమలో ఒక ముస్లిం నిలబడి పల్నాటి యుద్ధం చెబుతుంటే ఎవరూ కిక్కురుమనలేదు. హాస్యం చెప్పే వంత ఆ ఊరి వడ్డీ వ్యాపారినో, కరణాన్నో కథలోకి లాగి ఎత్తిపొడిస్తే, ఎత్తిపొడుపు తిన్నవాడు కూడా నవ్వక తప్పేది కాదు. అందరూ చూస్తున్నారు మరి. తర్వాత అదే బుర్రకథని ప్రభుత్వం కుటుంబ నియంత్రణ చెప్పటానికి వాడుకుంది. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు.

ఇక ఊరి చెవి నాటకాన్ని చెడగొట్టిన సంగతి. చింతామణి నాటకం కాళ్ళకూరి నారాయణరావు గారు నూరేళ్ళ కిందట రాశారు. వేశ్యల ఇళ్ళ చుట్టూ తిరిగి ఇల్లూ వాకిలీ పోగొట్టుకునే వాళ్ళకి బుద్ధి చెప్పాలని రాసిన నాటకం. అందులో సుబ్బిశెట్టి పాత్ర ఒకటి. శెట్టి గారి మాటకి ఓ ఊళ్ళో ఈల పడింది. పక్క ఊళ్ళో ఆ వేషగాడు ఇంకో మాట కలిపాడు, రెండు ఈలలు పడ్డాయి. ఊరు ఊరికీ మాట ముదిరింది. మా కుర్రతనం నాటికే కథానాయకుడు బిల్వమంగళుడి పద్యాలప్పుడు బీడీలు కాల్చుకోవటానికి లేచి, శెట్టి గారి ప్రవేశానికి తిరిగొచ్చి కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ ఆటకి రావటం మానేశారు. రాసినాయన లేచివస్తే ఇది నా నాటకం కాదని దణ్ణం పెట్టేవాడు. చివరికి 2022 జనవరిలో, తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు పెట్టుకున్న మొర మీద, రాష్ట్ర ప్రభుత్వం చింతామణి ప్రదర్శనని నిషేధించింది. నాకు రెండు వైపులా కోపమే. ఓ కులాన్ని నిలబెట్టి నవ్వుకునే ఆటకి నేను వత్తాసు పలకను. అట్లాగని నూరేళ్ళ నాటకం మొత్తానికి తాళం వేయటమేమిటి? వేసేది ఉంటే ఆ ఈలలు వేసిన నోళ్ళకి వేయాల్సింది. అందులో సగం నోళ్ళు ఇప్పుడు వృద్ధాప్య పింఛను తీసుకుంటున్నాయి.

1967లో సాగరు కాలువలకి నీళ్ళు వదిలారు. తర్వాత హైబ్రిడ్ పత్తి వచ్చింది. డబ్బు మా ఊరి మొహం చూసింది. డాబాలు లేచాయి, టౌనులో సినిమా హాళ్ళు లేచాయి. డబ్బున్న మొదటి ఏళ్ళలో నాటకానికి చందాలు బాగానే వచ్చాయి, పొరుగూరి కంటే పెద్ద నటుణ్ణి తేవాలన్న పంతంతో. ఆ తర్వాత 1984-85లో తెల్లదోమ. ఆకు నల్లబడి, జిగట కారి, చేనుకి చేను నిలువునా పోయింది. మళ్ళీ 1987-88లో పచ్చపురుగు. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. ఆ మందే రైతులు తాగారు, మన గుంటూరు ప్రకాశం జిల్లాల్లోనే. ఆ ఏడు చందా పుస్తకం పట్టుకుని ఎవరింటి ముందు నిలబడతాం? ఆదివారం పొద్దున టీవీలో రామాయణం వచ్చేది. టీవీ ఉన్న ఇంటి వసారాలో ఊరు ఊరంతా చెప్పులు విడిచి కూర్చుంది. టీవీలో రాముడు నెమ్మదిగా మాట్లాడితే గట్టిగా మాట్లాడమని కేకేసే వీలు లేదు. మావాళ్ళు కేకేయటం అక్కడే మానుకున్నారని నా అనుమానం.

తర్వాత మిరప. మిరపకి తీరుబడి లేదు. సంక్రాంతి దాటిందంటే కోతలు, కల్లాలు, తాలుకాయ ఏరుడు, టిక్కీలు తొక్కుడు, గుంటూరు యార్డుకి లారీలు. మా రోజుల్లో శివరాత్రికి చేతులు ఖాళీ, ఇప్పుడు శివరాత్రికే చేతులు మంట. మునుపు చెరువు గట్టు మీద కృష్ణుడి ఊపిరి మీద తీర్పు చెప్పినచోట ఇవాళ తేజ రకం మిరప ఎంత పలికింది, ఏసీ గోడౌన్లో పెట్టాలా అమ్మాలా అన్నదే మాట. నేనూ అదే అడుగుతాను. అడక్కపోతే కౌలు ఎవడు కడతాడు?

కోతలకి కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వస్తారు. ఊరి చివర గుడిసెలేసుకుని నెలల తరబడి ఉంటారు. మా ఊరి పిల్లలు వాళ్ళ పిల్లలతో ఆడి ఆడి "యాడికి పోతాండావ్ తాతా" అంటున్నారు నన్ను. మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది. కానీ ఓ రాత్రి ఆ గుడిసెల దగ్గర చెక్కభజన విన్నాను. అడుగు అడుగుకీ చెక్క మోత తప్పకుండా పడుతోంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు అడుగు తప్పినవాణ్ణి పేరు పెట్టి తిడుతున్నారు. ఆ తిట్టు వింటే ప్రాణం లేచి వచ్చింది. మావాళ్ళు ఒక్కరు కూడా చూడటానికి రాలేదు. అరకిలోమీటరు దూరం.

మావాళ్ళు వెళ్ళేది కోటప్పకొండ తిరనాళ్ళకి. వెళ్ళాలి కూడా. మా రోజుల్లోనూ ప్రభలు కట్టారు, కరెంటు బల్బులతో ఎనభై తొంభై అడుగుల ప్రభ ఊగుతూ వస్తుంటే చూసి తీరాల్సిందే. ఇప్పుడు ప్రభ కింద డీజే. గుండెల్లో స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఆ పక్కకి పోవద్దని డాక్టర్లు బోర్డు పెట్టాలి. ఆ మోతలో పక్కవాడి ఈల పక్కవాడికే వినపడదు, ఇక పైనవాడు ఏం దిద్దుకుంటాడు?

ఇదంతా మా మనవడికి చెప్పాను. బీటెక్ చదువుతున్నాడు. ఓపిగ్గానే విన్నాడు, ఫోను బోర్లించి మరీ. అంతా విని, "తాతయ్యా, హరిశ్చంద్ర నాటకం మొత్తం రాత్రంతా ఉంటది గదా. మీరు చివరాఖరికి కాటిసీను ఒక్కటే వేయించుకునేవాళ్ళంట. కృష్ణుడి నాటకమైతే పడకసీను, రాయబారం. మిగతాదంతా కోసేశారు. అది రీలు కాదా?" అన్నాడు.

నాకు ఓ నిమిషం మాట తోచలా. "ఒరే, నేను ఈల వేస్తే వేషగాడికి వినపడేది. వాడు నా వైపు చూసేవాడు. నువ్వు వేసే ఈల ఎవడికి వినపడిద్దిరా?" అన్నాను.

"ఎంతమంది చూశారో, ఎక్కడ ఆపేశారో కూడా వాడికి తెలిసిద్ది తాతయ్యా. ఆపేసిన చోటు తర్వాత రీల్లో ఉండదు."

చింతామణి సంగతే మళ్ళీ చెప్పాలనిపించింది. వాడి నాయన అన్నానికి పిలిచాడు. మా నాయన ముందు నేనిట్లా ఎదురు చెప్పి ఎరగను.

ఈ ఏడు శివరాత్రి కమిటీలో మా మనవడి స్నేహితులే ఉన్నారు. చందాకి వచ్చారు. కాటిసీను పెడితేనే ఇస్తానన్నాను. గుసగుసలాడుకున్నారు. "ఎంతసేపు పట్టిద్ది తాతా?" "గంటన్నర." "ముప్పావు గంటలో అవగొట్టమను, ఆ తర్వాత డీజే." హరిశ్చంద్ర వేషానికి చిలకలూరిపేటలో ఒకాయన ఉన్నాడు, గొంతు ఇంకా ఉంది, పళ్ళే లేవు. చంద్రమతికి ఆడమనిషి దొరికింది, రేటు మాట్లాడాలి. కాటికాపరి వీరబాహు వేషం మాలపల్లె కుర్రాడు నేను వేస్తానన్నాడు, జాషువా పద్యాలు కూడా నేనే పాడతానంటున్నాడు. అవి హరిశ్చంద్రుడివి కదరా అంటే, రాసింది మావాడే గదా అంటున్నాడు. నాకైతే పాడమనాలనే ఉంది, పేట ఆయన మాత్రం ఒప్పుకోడు. హార్మణీ ఆయన అద్దంకి నుంచి రావాలి. పెట్టెతో సహా ఆటోకి ఎవరు పెట్టుకుంటారన్న దగ్గర నిన్న సాయంత్రం మాట ఆగింది.