పల్లవి దాటనివ్వని మనిషి

పాతబంగారం గారు ఉన్న గదిలో పాట పెట్టకూడదు. తెలియక పెడితే, వయొలిన్లు ఇంకా ఎత్తుకుంటూ ఉండగానే ఆయన కుడిచెయ్యి గాలిలోకి లేస్తుంది. "ఆపు. ఇది ఎవరి ట్యూనో తెలుసా?" తెలుసన్నా లాభం లేదు, తెలియదన్నా లాభం లేదు. పాట ఆగుతుంది, ఆయన మొదలవుతారు.

అసలు పేరు పెన్షన్ పుస్తకంలో ఉంది. నమస్కారానికి బదులు కూడా ‘ఓల్డ్ ఈజ్ గోల్డ్’ అంటారు కాబట్టి వీధి వీధంతా కలిసి పెట్టుకున్న పేరిది. రిటైరయ్యాక పూర్తిగా సంగీతానికే అంకితమయ్యారు. పాడరు. వాయించరు. వింటారా అంటే, అక్కడే నా అనుమానం.

‘మిస్సమ్మ’లో బృందావనం పాట వేశామనుకోండి. 1955 అంటారు, సాలూరి రాజేశ్వరరావు అంటారు. రామారావుకి ఏ.ఎం. రాజా గొంతు అతికిన తీరు మీద పావుగంట. ఆ వరసే రెండేళ్ల తర్వాత హేమంత్‌కుమార్ చేతుల మీదుగా హిందీ ‘మిస్ మేరీ’కి వెళ్లింది. "మనవాళ్లు అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చినవే లెక్కపెడతారు గానీ, మన దగ్గర్నుంచి వెళ్లినవి చెప్పరేం?" అని నిలదీస్తారు. ఎదురుగా కూర్చున్నవాడు పాపం నోరు కూడా తెరవలేదు.

‘దేవదాసు’ ఇంకా ప్రమాదం. ఆ సినిమా 1953లో విడుదలయ్యేలోపే, ముప్పై ఏళ్లైనా నిండకుండా సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ కన్నుమూశారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఈ మాట చెప్పేటప్పుడు పాతబంగారం గారి గొంతు పూడుకుపోతుంది. నటన కాదు, నిజంగానే. ఆ కాస్త సందులో పాట నొక్కేద్దామని ఒకరోజు వాళ్ల తోడల్లుడు ఫోన్ మీదికి వేలు పోనిచ్చారు. "ఇంకా అయిపోలేదు," అన్నారు ఈయన కళ్లు తుడుచుకుంటూ.

ఆయనకు ఆజన్మ శత్రువు ఒక్కరే: నాటి ప్రసార శాఖ మంత్రి కేస్కర్. 1952 ప్రాంతంలో ఆకాశవాణి గడప దగ్గరే సినిమా పాటల్ని ఆపేస్తే, శ్రోతలంతా మూటాముల్లె సర్దుకుని రేడియో సిలోన్‌కు చేరారు. అక్కడ అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా. మన తెలుగువాళ్లకు మీనాక్షి పొన్నుదురై గొంతు. 1957లో వివిధభారతి పుట్టాక గానీ ఢిల్లీకి బుద్ధి రాలేదంటారు. రోజుకు ఒక్కసారైనా కేస్కర్‌ని తిడతారు. నన్నడిగితే మాత్రం, సినిమా పాట జనం చెవిన పడకుండా ఆపడంలో ఆ మంత్రిగారికి నికరమైన వారసుడు ఈయనే.

కొడుకు అమెరికా నుంచి స్పీకరు పంపించాక ఆయన రాజ్యం సముద్రాలు దాటింది. డోరిస్ డే 1956లో పాడిన ‘కే సెరా సెరా’ మోగితే, ‘తోడు నీడ’లో మన భానుమతి అదే పాట ఇంగ్లీషులోనే పాడిందన్న సంగతి అందుకుంటారు. ఇక జపాన్ క్యూ సకమోటో పాట దగ్గర ఆయనకు రక్తం మరుగుతుంది. కన్నీళ్లు దిగమింగుకుని నడిచే ఒంటరివాడి పాట అది. 1963లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అసలు పేరు నోరు తిరగక, పాటకు ఏ సంబంధమూ లేని ‘సుకియాకి’ అనే జపాను మాంసం కూర పేరు తగిలించారు. "ఘంటసాల ఏడుపు పాటకు గోంగూర పచ్చడి అని పేరు పెట్టినట్టు కాదుటయ్యా!" ఈ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంలో సకమోటోని కూడా పాడనివ్వలేదు.

ఈజిప్టు ఉమ్ కుల్సుమ్ అంటే మాత్రం వల్లమాలిన గౌరవం. ఆవిడ పాట గంటసేపు సాగుతుంది. గొంతు విప్పేముందు వాద్యాలే బోలెడంతసేపు వాయిస్తారు. "అదీ సంస్కారం. వినేవాడికి మాట్లాడుకోవడానికి చోటిచ్చింది," అంటారు. మన 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒకవైపు మూడు, మూడున్నర నిమిషాలే. ఆయన పీఠిక ఇరవై. ఎక్కడ కుదురుతుంది?

అన్నట్టు, రికార్డులు ఆయన దగ్గర అసలైనవే ఉన్నాయి. లక్కతో చేసిన బరువైన పళ్లేలు. పాత జరీపంచెలో చుట్టి బీరువాలో, భార్య పెళ్లిచీరకంటే పై అరలో పెట్టారు. వెయ్యరు. ముల్లు తగిలితే అరుగుతాయట.

మొన్న వాళ్ల మనవరాలు ఒక పాట పట్టుకొచ్చి అమాయకంగా, "తాతయ్యా, ఇందులో రెండో చరణం ఏంటి?" అంది. ఆయన అద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "సాహిత్యం పింగళి వారిది," అన్నారు చివరికి. వంటింట్లోంచి ఆవిడ, పోపు వేస్తూనే, చరణం మొత్తం పాడేశారు. "శ్రుతి అర మెట్టు తగ్గింది," అన్నారు ఈయన.

ఇప్పుడు ఎవరింటికీ వెళ్లనక్కర్లేకుండా వాట్సాప్ వచ్చింది. నిన్న పొద్దున్నే కాలనీ గ్రూపులో ఒక పాట పంపారు. నిడివి మూడు నిమిషాలు. దాని వెనకే తన గొంతుతో ఒక సందేశం, పదిహేడు నిమిషాలు. కింద పెద్ద అక్షరాల్లో మనవి: "ముందు ఇది పూర్తిగా వినండి. పాటకు తొందర లేదు."