మేడమీది కలెక్టరు

మా మేడమీది గదిలో అద్దెకుండే అబ్బాయి తలుపు కొట్టే తీరును బట్టి ఏ సీజన్ నడుస్తోందో చెప్పెయ్యొచ్చు. ప్రిలిమ్స్ రోజుల్లో అసలు కిందికే దిగడు. మెయిన్స్ రోజుల్లో తలుపు కొట్టకుండానే లోపలికొచ్చి, ఎందుకొచ్చాడో మరిచిపోయి వెళ్లిపోతాడు. ఇంటర్వ్యూ పిలుపొచ్చిందంటే మాత్రం మెత్తగా రెండుసార్లు తడతాడు, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే. "మే ఐ కమిన్ సర్?" అంటాడు. రమ్మంటే వస్తాడు. కూర్చోమనేదాకా నిలబడతాడు. కూర్చున్నాక వీపు కుర్చీకి ఆనించడు. చేతులు మోకాళ్లమీద పెట్టుకుని చిన్న నవ్వొకటి నవ్వుతాడు. ఇంతా చేసి వచ్చిన పనేమిటయ్యా అంటే, ట్యాంకులో నీళ్లయిపోయాయి, మోటారు వెయ్యాలి.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఇల్లున్నవాడికి ఈ సివిల్స్ రాసే జాతి కొత్త కాదు. పైగా నేను ముప్ఫై ఏళ్లు కలెక్టరాఫీసులో ఫైళ్లు మోసి రిటైరైనవాణ్ణి. కలెక్టర్లను చాలామందిని చూశాను గానీ, వాళ్లు తయారయ్యే చోటు మా మేడమీదే ఉంటుందని అప్పట్లో తెలియదు.

లెక్క ఇదీ. మెయిన్స్ రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025. ఇంటర్వ్యూ అనేది మన వాడుక మాటే. కమిషన్‌వారి దృష్టిలో అది పర్సనాలిటీ టెస్టు. అడ్డ ప్రశ్నలతో నిలదియ్యడం కాదు, సహజంగా సాగే సంభాషణ అని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఆ 'సహజంగా' అన్న మాటే మావాడి కొంప ముంచింది. కిందటిసారి సహజంగా మాట్లాడితే 143 వచ్చాయట. అందుకని ఈసారి సహజంగా ఉండటానికి ఫీజు కట్టి కోచింగ్ తీసుకుంటున్నాడు.

మాక్ ఇంటర్వ్యూలు మొత్తం తొమ్మిది చేశాడు. మొదటిచోట నవ్వు తక్కువైందన్నారు. రెండోచోట నవ్వు ఎక్కువైందన్నారు. మూడోచోట నవ్వు బాగానే ఉంది గానీ ప్రశ్న పూర్తికాకముందే వచ్చేస్తోందన్నారు. దాంతో వారంపాటు అద్దం ముందు కూర్చుని నవ్వును ఆపడం సాధన చేశాడు. ఆ వారంలో వాళ్ల అమ్మ ఫోన్‌చేసి అక్కకు కొడుకు పుట్టాడని చెబితే, మాట పూర్తిగా విని, మూడు లెక్కపెట్టుకుని అప్పుడు సంతోషించాడు.

మాట తీరు కూడా మారిపోయింది. ఓ ఆదివారం మా ఆవిడ భోజనం పెట్టి, "సాంబారులో ఉప్పు సరిపోయిందా బాబూ?" అని అడిగింది. "దీనికి రెండు కోణాలున్నాయి ఆంటీ" అన్నాడు. "ఒకవైపు రుచి పరంగా చూస్తే కొంత ఎక్కువనిపించవచ్చు. మరోవైపు అంకుల్ బీపీని దృష్టిలో పెట్టుకుంటే..." మా ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మేడమీద నల్లా ఎవరు తిప్పి వదిలేశారని అడిగితే, "సారీ ఆంటీ, నాకు తెలియదు. తెలుసుకుని చెబుతాను" అన్నాడు, ఎంతో నిజాయితీగా, కళ్లలోకి సూటిగా చూస్తూ. తెలియనిదాన్ని తెలియదని ఎలా చెప్పాలో ఒక క్లాసు మొత్తం నేర్పారట. మేడమీద ఉండేది అతనొక్కడే.

వీటన్నిటికంటే ఘోరం హాబీ. దరఖాస్తులో మన ఊరు, పేరు, చదువు, ఆటపాటలు అన్నీ రాయాలి. దాన్ని డాఫ్ అంటారు. బోర్డు ముందున్న కాగితం అదే, సగం ప్రశ్నలు అందులోంచే పుడతాయి. కిందటిసారి చెస్ అని రాసి, సిసిలియన్ డిఫెన్స్ అంటే ఏమిటని అడిగితే బిక్కమొహం వేశాడు. పుస్తకాలు చదవడమని రాస్తే వందమందిలో ఒకడవుతావని ఎవరో భయపెట్టారు. దాంతో ఈసారి 'పక్షుల పరిశీలన' అని రాసేశాడు. రాశాక అందులో మార్పుల్లేవు. చూడ్డానికి ఈ వీధిలో ఉన్నవి పావురాలూ, కాకులూ.

అయినా వెనుకాడలేదు. కోఠీలో బైనాక్యులర్స్ కొన్నాడు. పొద్దున్నే ఇందిరా పార్కుకు వెళ్లేవాడు. అక్కడ కనిపించేది పిట్టలకంటే నడిచేవాళ్లే. సాయంత్రం మేడమీద నిలబడి చూస్తుంటే మూడోనాటికి ఎదురింటాయన గొడవకొచ్చాడు, వాళ్ల మేడమీద ఆడవాళ్లు బట్టలారేసుకుంటుంటే ఈ దుర్భిణీ ఏమిటని. మావాడు మెట్లమీదే నిటారుగా నిలబడి, "మీ ఆందోళన పూర్తిగా న్యాయమైనదే సర్" అని మొదలుపెట్టాడు. ఎదురింటాయన కొట్టడానికే వచ్చినవాడు, ఏం చెయ్యాలో తోచక వెళ్లిపోయాడు. ఆరోజు మాత్రం కోచింగ్ మీద నాక్కాస్త గౌరవం కలిగింది.

చివరి వారం నన్నే బోర్డు ఛైర్మన్ చేశాడు. మా ఆవిడ మెంబరు. మిగతా ముగ్గురికీ బదులు మూడు ఖాళీ కుర్చీలు.

"ఏ జిల్లా మీది?" అన్నాను.

"పుట్టింది ఆదిలాబాద్ జిల్లాలో సర్. 2016 నుంచి నిర్మల్ జిల్లా. ఊరు మాత్రం కదల్లేదు సర్." ఈ చివరి ముక్క దగ్గర లేతగా నవ్వాలని పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు. నిర్మల్ బొమ్మలు పొనికి చెక్కతో ఎందుకు చేస్తారో, ఆ చెక్క ఎంత తేలికో గడగడా చెప్పాడు. తెలంగాణ రాష్ట్ర పక్షి ఏదని అడిగితే, పాలపిట్ట పేరుతోపాటు దాని శాస్త్రీయ నామం కూడా అప్పగించాడు.

"ఎప్పుడన్నా చూశావా నాయనా?" అంది మెంబరు.

"మస్తు సార్లు చూసిన ఆంటీ! దసరా నాడు జమ్మికి పోయినప్పుడు మా తాత భుజాలమీద ఎక్కించుకుని చూపెట్టేటోడు. ఒకపారి అది కనవడకుంటే చీకటి వడేదాంక చెలకలల్ల తిరిగినం." అతని వీపు కుర్చీకి ఆనింది. చేతులు గాలిలో ఉన్నాయి.

"ఇదే చెప్పరాదూ అక్కడ?" అన్నాను.

వెంటనే సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. "అది పరిశీలన కిందికి రాదు అంకుల్. పండగ కిందికొస్తుంది."

రైలు ఆలస్యమైతే ఎలాగని విమానంలో ఢిల్లీ వెళ్లాడు, కమిషన్ ఇచ్చేది స్లీపరు ఛార్జీయే అయినా. కొత్త బూట్లు నడిస్తే కిర్రుమంటున్నాయని ఆ ముందు మూడు రాత్రులు మా మెట్లమీద ఎక్కీ దిగీ వాటిని లొంగదీశాడు. నిద్రపోనిది మేము. ఢిల్లీలో ముందురోజు ఆంధ్రా భవన్‌లో భోజనానికి వెళితే చుట్టూ మెడల్లో టైలు లేని తన ప్రతిబింబాలే కనిపించాయట, అందరూ వీపు ఆనించకుండా పప్పన్నం తింటూ. ఇంటర్వ్యూ జరిగేది షాజహాన్ రోడ్డులోని కమిషన్ ఆఫీసు ధోల్‌పుర్ హౌస్‌లో. ఏ బోర్డు పడుతుందో ఆ పూటదాకా తెలియదు.

తిరిగొచ్చిన రోజు తలుపు కొట్టలేదు. సరాసరి వచ్చి సోఫాలో కూలబడ్డాడు.

జరిగిందేమిటంటే, అరగంటలో ఇరవై ఐదు నిమిషాలు అంతా రెండు కోణాల్లోనే నడిచింది. చివర్లో ఛైర్మన్‌గారు డాఫ్ చూసి, హైదరాబాద్‌లో మీరుండేచోట ఏ పక్షులుంటాయి అన్నారు. పావురాలు సర్ అన్నాడు. పావురాలంటే ఇష్టమేనా అన్నారు. అప్పుడేమైందో తనకూ తెలియదట. "నో సర్, ఐ హేట్ దెమ్" అనేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటర్వ్యూకని ఉతికి ఆరేసిన తెల్ల చొక్కామీద అవి చేసిన నిర్వాకం, ఆంటీ పాత సీడీలు వేలాడదీస్తే వాటిమీదే వచ్చి వాలడం, మొత్తం చెప్పాడు. అయిదుగురూ నవ్వారు. థాంక్యూ, వెళ్లిరండి అన్నారు.

"మంచిదేగా?" అన్నాను.

"అదే తెల్వక సస్తున్న అంకుల్. అది మార్కులేసే నవ్వా, తీసేసే నవ్వా? మీరు ఆఫీసర్ల నవ్వులు చూసినోళ్లు, మీకు ఎరుకైతది. ఇనుండ్రి." అని లేచి నిలబడి, ఛైర్మన్‌గారి నవ్వు నవ్వి చూపించాడు. గొంతులోంచి వచ్చే నవ్వు, పర్వాలేదు. ఎడమవైపు మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారట, అదీ చేసి చూపించాడు. మూడో ఆయనది ముక్కుతో నవ్విన నవ్వు. ఇలాంటిది నేను సర్వీసులో ఒకసారి విన్నాను, మర్నాడే నాకు బదిలీ అయింది. ఆ సంగతి చెప్పలేదు. నాలుగో ఆయన నవ్వు భుజాలు కదిలేలా మొదలుపెట్టేసరికి వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది, మేడమీద ట్యాంకు నిండి పొర్లుతోంది, మోటారు ఎవరు వేసి వదిలేశారని.

"నేనే ఆంటీ!" అని అరుస్తూ మెట్లెక్కాడు.