స్టూడియో తలుపు తీసే ముందు ఊడవకండి

సింగపూర్‌లో బొమ్మలు వేసే మనవాళ్ళు స్టూడియోను నాలుగు రోజులు జనం కోసం తెరుద్దామనుకోగానే ముందు చీపురు పట్టుకుంటారు. తర్వాత గోడకు తెల్లరంగు, కాన్వాసులకు ఫ్రేములు, పక్కన పేరు, కొలత, ధర. ఇంతా చేస్తే అది గ్యాలరీ అవుతుంది. గ్యాలరీలు ఈ ఊళ్ళో కావలసినన్ని ఉన్నాయి. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకు గ్యాలరీలో కనిపించనిదే చూపించాలి. అందుకే అందరూ చెప్పేదానికి అడ్డంగా ఉన్నా నా సలహాలు ఇవి.

ముందు రోజు స్టూడియో సర్దకండి. టర్పెంటైన్ సీసాకు మూత బిగించండి, కట్టర్లు పిల్లలకు అందకుండా పైన పెట్టండి, అంతవరకే. రంగు తుడిచిన గుడ్డలు, పొరలు పొరలుగా ఎండిపోయిన పాలెట్, సగం గీసి వదిలేసిన చార్కోల్ కాగితాలు ఎక్కడివక్కడే ఉండాలి. పెళ్ళిచూపుల పిల్లలా ముస్తాబు చేసిన గదిలో బొమ్మ ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు.

చెడిపోయిన బొమ్మను అన్నిటికన్నా మంచి గోడకు తగిలించండి. బాగా వచ్చినవి మూలన ఆనించినా ఫరవాలేదు. అందులో ఒక చెయ్యి ముందు కిందికి గీసి, గీకేసి, పైకెత్తి, మళ్ళీ గీకేసిన చోట కాన్వాస్ నేత బయటపడి, అడుగున పాత నీలం తొంగిచూస్తుంటుంది. ఆ అరచేతి మందం చోటు ముందు మనుషులు ఆగిపోతారు. పూర్తయిన బొమ్మ ముందు అంతసేపు ఆగరు. శ్రీకాళహస్తిలో కలంకారీ ఇళ్ళకు వెళ్ళినవారికి ఇది కొత్త కాదు. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ ఒకపక్క ఆరుతుంటుంది, తుప్పు ఇనుము, బెల్లం ఊరిన కసిమి ఇంకోపక్క వాసన వేస్తుంటుంది. అవన్నీ చూసినవాడికి చీర మీద నల్లగీత ఎందుకంత నల్లగా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏసీ వేయకండి, ఫ్యాను చాలు. ఈ ఊరి గాలిలో తేమ సగటున 80 శాతం దాటుతుంది. కాన్వాస్ వదులైపోతుంది, వెనక చెక్కమేకులు కొట్టి మళ్ళీ బిగించుకుంటాం. కాగితం అంచులు లేస్తాయి. వచ్చినవాళ్ళను ఆ పని చూడనివ్వండి. వీలైతే కాన్వాస్ ఒక కొస పట్టుకోమనండి, బిగిసిందో లేదో వేలితో కొట్టి చూడమనండి.

సింగపూర్ ఆర్ట్ వీక్‌లో తెరవకండి. 2013 నుంచి ఏటా జనవరిలో వచ్చే ఆ పండుగంటే నాకు ఇష్టమే. కానీ ఒక్క సాయంత్రం అయిదు చోట్లు తిరిగే మనిషికి మీ గదిలో మిగిలేది రెండు నిమిషాలు. ఏ మంగళవారం మధ్యాహ్నమో పెట్టుకోండి. తక్కువమంది వస్తారు, వచ్చినవాళ్ళు కూర్చుంటారు.

చోటు దూరమని కూడా బాధపడకండి. గుడ్‌మన్ ఆర్ట్స్ సెంటర్‌లోనో తెలోక్ కురావ్‌లోనో గది దొరికితే అదృష్టమే, దొరక్కపోయినా ఆగక్కర్లేదు. ఈ దేశపు కళాచరిత్రలో పెద్ద మలుపు ఒక కోళ్ళఫారంలో వచ్చింది. 1988లో కళాకారుడు టాంగ్ డా వూ, ఆయనతో మరికొందరు సెంబవాంగ్‌లోని లోరోంగ్ గంబాస్‌లో ది ఆర్టిస్ట్స్ విలేజ్ మొదలుపెట్టారు. మరుసటి ఏడు అక్కడే ఓపెన్ స్టూడియో ప్రదర్శన చేశారు. సెంబవాంగ్‌కు ఎమ్మార్టీ వచ్చిందే 1996లో. అయినా ఆ కంపోంగ్‌కు జనం వెళ్ళారు, బొమ్మలు చెట్ల మధ్య, మట్టి మీద, ఎక్కడ తయారయ్యాయో అక్కడే చూశారు. 1989 డిసెంబరు 31న మొదలుపెట్టి కొత్త సంవత్సరంలోకి 24 గంటలు ఆగకుండా ‘ది టైమ్ షో’ చేశారు. 1990లో ఆ నేల ప్రభుత్వం చేతికి వెళ్ళింది, వాళ్ళు ఖాళీ చేయాల్సివచ్చింది. అక్కడ పనిచేసిన అమండా హెంగ్ వంటివారి పని గురించి ఈనాటికీ ఈ దేశం మాట్లాడుకుంటోంది.

కాబట్టి హెచ్‌డీబీ ఫ్లాట్‌లో పడగ్గదే మీ స్టూడియో అయితే దాన్నే తెరవండి. 2009లో మొదలైన ‘ఓహ్! ఓపెన్ హౌస్’ వాళ్ళు జనాన్ని ఇళ్ళలోకి తీసుకెళ్ళి కళ చూపించారు. ఇంట్లో చేసే పనికి నిబంధనలేమిటో ముందే కనుక్కోండి, పొరుగువాళ్ళకు చెప్పండి, కారిడార్‌లో 1.2 మీటర్ల దారి ఖాళీగా ఉంచండి. ఈ ఒక్క విషయంలో మాత్రం అడ్డదారి వద్దు.

ధరల పట్టీ పెట్టకండి. అంకె కనబడగానే కన్ను బొమ్మను వదిలేస్తుంది. అడిగినవాళ్ళకు వారం తర్వాత ఫోన్ చేయమని చెప్పండి. అమ్మకాలు తగ్గుతాయి. తగ్గనివ్వండి. వారమాగి కూడా ఫోన్ చేసినవాడి గోడ మీద మీ బొమ్మ చాలాకాలం ఉంటుంది.

మనవాళ్ళకు కష్టంగా ఉండే సలహా ఒకటుంది. సమోసాలు, టీ పెట్టకండి. పళ్ళెం చేతికి రాగానే మాట పిల్లల స్కూలు మీదికి, పీఆర్ మీదికి, సంక్రాంతి టికెట్ల మీదికి పోతుంది. చల్లటి నీళ్ళివ్వండి. “రండి, కూర్చోండి” అని పలకరించి మళ్ళీ కుంచె పట్టండి. మీరు పనిచేస్తూనే ఉండాలి. “ఇది వెయ్యడానికి ఎన్ని రోజులు పట్టిందండీ?” అని ఎవరో తప్పకుండా అడుగుతారు. చిరాకు పడొద్దు, అది మంచి ప్రశ్న. ఆ చెడిపోయిన బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి మొదటినుంచి చెప్పండి.

జనవరి దాటాక ఒక మంగళవారం ఖాయం చేసుకోండి. పక్క ఫ్లాట్ ఆంటీని, కింద కాఫీషాపులో కోపి కలిపే అంకుల్‌ని మొదట పిలవండి. కళాకారులను ఆ తర్వాత పిలుచుకోవచ్చు.