ప్రొఫైల్ చూసి చెప్పండి బ్రో

మా అక్క కొడుకు అమెరికా వెళ్లడానికి ముందు ఏడాదిన్నర పాటు ఫోన్‌లోనే కాపురం ఉన్నాడు. మనిషి అమీర్‌పేట హాస్టల్లో, మనసు టెక్సాస్‌లో, ఆదివారం భోజనం మాత్రం మా ఇంట్లో. ఇలాంటివాడు మీ వీధిలోనూ ఒకడుంటాడు. లేదంటే ఇప్పటికే విమానమెక్కేసి ఉంటాడు.

పొద్దున్న లేచి పళ్లు తోముకోకముందే మావాడు చేసే పని, వాట్సాప్ గ్రూపుల్లో ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు తన జాతకం విప్పి పెట్టుకోవడం. "బీటెక్ 7.1, బ్యాక్‌లాగ్స్ 4, అన్నీ క్లియర్. జీఆర్ఈ 302, ఐఈఎల్‌టీఎస్ 6.5. ప్రొఫైల్ చూసి చెప్పండి బ్రో." ఆ నాలుగు బ్యాక్‌లాగ్‌ల సంగతి వాళ్ల నాన్నకి ఈరోజుకీ తెలియదు. ఆయన లెక్కలో ఒక్కటే. పులిబొమ్మ డీపీ పెట్టుకున్న పరాయివాడికి మాత్రం ఏ సబ్జెక్టు ఎన్నిసార్లు పోయిందో కూడా తెలుసు. వాడు ఒక్కో యూనివర్సిటీ మీదా తీర్పు చెప్తాడు: "అది యాంబిషస్ బ్రో, ఇది మోడరేట్, అది సేఫ్." ఎవరికి సేఫో చెప్పడు.

2023–24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మనవాళ్లు చైనాని దాటడం అదే మొదటిసారి. అంతమంది ఉన్నారు కదా, అక్కడ చదివే బుద్ధిమంతుడిని ఒక్కణ్ణి పట్టుకుని అడిగితే సరిపోదా అన్నాను. మావాడు నన్ను జాలిగా చూశాడు. అంతమందినీ అడగాలన్నది వాడి పట్టుదల.

యూనివర్సిటీ మంచిదో కాదో తేల్చడానికి వాడి దగ్గరొక కొలబద్ద ఉంది. ఒక్కో యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు పెట్టుకునే వాట్సాప్ గ్రూపులో 1,024 మంది మించి పట్టరు. మొదటి గ్రూపు నిండిపోయి రెండోది పెట్టాల్సి వస్తే ఆ యూనివర్సిటీ మంచిది. మూడోది కూడా పడిందంటే ఇక ఆలోచించనక్కర్లేదు. మొదటి గ్రూపులోనే ఖాళీలుంటే, ప్రొఫెసర్లు ఎంత ఘనులైనా సరే, "అక్కడికెవరూ వెళ్లట్లేదు మావయ్యా" అని కొట్టిపారేస్తాడు. ఆ లెక్కన చివరికి మూడు మిగిలాయి. ఒకటి రిచర్డ్‌సన్‌లో, ఒకటి ఆర్లింగ్టన్‌లో, ఒకటి డెంటన్‌లో. మ్యాపు తీసి చూస్తే మూడూ డాలస్ చుట్టుపక్కలే. "ఇంత వెతికి ఒక్క ఊళ్లోనే తేలావేరా" అంటే, "అక్కడ కర్రీ పాయింట్లు ఉన్నాయి మావయ్యా, రీల్‌లో చూశాను" అన్నాడు.

నేనేదో పెద్ద పరిశోధన చేసి కాలేజీ ఎంచుకున్నానని అనుకునేరు. మా ఊరి నుంచి పొద్దున్న 7:40 బస్సు సూటిగా ఏ కాలేజీ ముందు ఆగుతుందో ఆ కాలేజీలో చేరాను. పక్కనే సినిమాహాలు ఉండటం అదనపు అర్హత. అందుకే వాణ్ణి మరీ గట్టిగా ఏమీ అనలేను. కాకపోతే బస్సు గురించి కండక్టర్ చెప్పిన మాట నమ్మాను గానీ, ఇంకా బస్సెక్కని వాడి మాట నమ్మలేదు.

ఆ రీల్సు నాకూ చూపించాడు. ఒకమ్మాయి తలుపు తీసి గది చూపిస్తుంది, ఫ్రిజ్ తెరిచి పాలు ఎన్ని డాలర్లో చెప్తుంది, మంచులో గంతులేస్తుంది. ఇంకో కుర్రాడు లైబ్రరీ మెట్ల మీద నడుస్తూ, "వివరాలు కావాలంటే కామెంట్‌లో అడ్మిట్ అని పెట్టండి" అంటాడు. పెడితే వచ్చేది వివరాలు కావు, కన్సల్టెన్సీ ఫోన్ నంబరు. నలభై రీళ్లు చూశాను. లైబ్రరీ మెట్లే గానీ, లోపల పుస్తకం ఒక్కటీ కనబడలేదు.

"నీ కోర్సులో పాఠాలు చెప్పేదెవర్రా?" అని అడిగాను.

"గ్రూపులో అడుగుతానుండు."

"యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది కదా?"

"అది వాళ్ల గురించి వాళ్లు రాసుకున్నది. ఎలా నమ్ముతాం?"

చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ గురించి అడగండి, ఎక్కంలా ఒప్పజెప్తాడు. పన్నెండు నెలలు, స్టెమ్ కోర్సయితే మరో ఇరవై నాలుగు. ఆ ముప్పై ఆరు నెలలకు ముందు రెండేళ్లు చదవాల్సింది ఏమిటన్నది మాత్రం గ్రూపులో ఎవరూ ఎవర్నీ అడిగినట్టు లేదు.

ఒక ఆదివారం పప్పుచారు కలుపుకుంటుండగా మావాడి మొహం ఉన్నట్టుండి వెలిగిపోయింది. "చూడు మావయ్యా, డెంటన్‌లో చదివే సీనియర్ రాశాడు. ప్రొఫెసర్లు మంచివాళ్లు, చదువు మరీ కష్టం కాదు, చలి తక్కువ." మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు. ఎన్నో చేతులు మారి వచ్చింది. అందులో 'చలి'ని 'చెలి' అని రాసి ఉంది. పది రోజుల క్రితం మా సోఫాలో పడుకుని వేరే గ్రూపులో వీడు కొట్టిన మెసేజే అది. అప్పుడే ఆ తప్పు చూపించి నవ్వాను కూడా. ఆ మాటే అంటే ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నేను అనుకున్నది కరెక్టే అన్నమాట" అన్నాడు.

అప్పుడు వాడికి ఫార్మింగ్టన్ కథ చెప్పాను. మిషిగన్‌లో ఆ పేరుతో ఒక యూనివర్సిటీ ఉండేది. వెబ్‌సైట్ ఉంది, లోగో ఉంది, లాటిన్‌లో నినాదం ఉంది, ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంది. లేనివల్లా తరగతి గది, పంతులు. నడిపింది అమెరికా ప్రభుత్వపు ఇమిగ్రేషన్ ఏజెంట్లే, వీసా మోసాలు పట్టుకోవడానికి. 2019 జనవరిలో గుట్టు విప్పినప్పుడు దొరికినవాళ్లు దాదాపు అందరూ మనదేశం వాళ్లే, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. మావాడు గంభీరంగా విని, "దానికి ఎన్ని గ్రూపులుండేవి?" అన్నాడు.

వాడిని నిజంగా భయపెట్టింది 2025 జూన్. స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా చెప్పింది. గత ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు ఎలాగూ వీసా ఫారంలో రాయాల్సిందే. మావాడికి ఇన్‌స్టాగ్రామ్‌లోనే మూడున్నాయి. ఒకటి బంధువులకి, ఒకటి స్నేహితులకి, మూడోది లాక్‌డౌన్‌లో తన హీరో తరఫున పక్క హీరో అభిమానుల మీద యుద్ధానికి తెరిచింది. అందులోని భాష మా ఇంటా వంటా లేదు. గ్రూపులో అడిగాడు: "తెలుగు తిట్లు ఆఫీసర్‌కి అర్థమవుతాయా బ్రో?" పులిబొమ్మవాడు జవాబిచ్చాడు: "కాన్సులేట్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఉంటారు బ్రో." నాలుగు రాత్రులు కూర్చుని ఒక్కో తిట్టూ చెరిపాడు. వాడు తెల్లవార్లూ మేలుకుని శ్రద్ధగా చదవడం నేను చూసింది ఆ నాలుగు రాత్రులే. మధ్యలో చిలుకూరు గుడికి వెళ్లి వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చాడు. వీసా వచ్చాక నూట ఎనిమిదీ చేశాడు, ఎన్నో చుట్టులో ఉన్నాడో గ్రూపుకి చెప్తూ.

ఆగస్టులో శంషాబాద్ విమానాశ్రయం. పెట్టె 23 కేజీలు దాటిందని మా అక్క కళ్లొత్తుకుంటూ గోంగూర పచ్చడి బయటికి తీస్తోంది. మావాడు ఫోన్‌లో ఏదో కొడుతున్నాడు.

"ఎవర్రా?"

"జూనియర్ మావయ్యా. క్యాంపస్ ఎలా ఉందని అడుగుతున్నాడు."

"నువ్వింకా చూడలేదుగా!"

"అందుకే ఎక్కువ రాయలేదు. 'సూపర్' అని ఒక్క ముక్క పెట్టా."

వాడు అద్దాల తలుపులు దాటి లోపలికి వెళ్లిపోయాడు. అక్క చాలాసేపు చేయి ఊపుతూనే ఉంది. ఇంతలో ఆమె చేతిసంచీలో ఫోన్ మోగింది. కళ్లజోడు లేదని నాకిచ్చింది. ఆమెను ఎవరో ఒక గ్రూపులో చేర్చారు. పేరు 'ఫాల్ 25 పేరెంట్స్ – 2'.

"ఏమిట్రా అది?" అంది కంగారుగా.

"ఏం లేదక్కా. మంచి యూనివర్సిటీయేనట."