కాలువ గట్టు సైకిలుకు తలకిందుల సలహాలు

ఒళ్లు గట్టిపడాలని సైకిలెక్కేవాళ్లకు ఎవరిని అడిగినా అవే నాలుగు మాటలు చెబుతారు: మంచి సైకిలు కొను, వేగం పెంచు, కిలోమీటర్లు రాసుకో, మధ్యలో ఆగకు. ఊరి దారిలో తొక్కేవాళ్లకు నేను చెప్పేవి వీటికి సరిగ్గా ఎదురు. వినగానే తప్పుడు సలహాల్లా ఉంటాయి. అయినా ప్రతి మాటా మనసారా చెబుతున్నాను. ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరక్కుండానే సైకిలుని మూల చేర్చినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల చేత మాన్పించింది బద్ధకం కాదు, మొదటి వారంలో పడిన ఆరాటం.

నా మనసులో ఉన్న దారులు గోదావరి డెల్టావి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు కాలువల్లో ఊరూరికీ చేరాయి. చాలాచోట్ల ఆ కాలువ పక్కనే రోడ్డు ఉంటుంది. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల వైపు వెళ్లి చూడండి. నీళ్లు వాటంతట అవే పారాలి కాబట్టి కాలువకు వాలు చాలా తక్కువ, దాని వెంట నడిచే దారి కూడా చదునే. కొత్తగా మొదలుపెట్టే మోకాళ్లకు ఇంతకంటే మంచి చోటు అక్కర్లేదు.

1. కొత్త సైకిలు కొనకండి

ఇంట్లో ఉన్న పాతదాన్నే దింపండి. సైకిల్ షాపుకు తీసుకెళ్లి చక్రాల బెండు తీయించండి, బ్రేకు రబ్బర్లు మార్పించండి, గొలుసుకు నూనె వేయించండి. తర్వాత సీటు సంగతి చూడండి. గోడకు చెయ్యి ఆనించి సీటు మీద కూర్చోండి. పెడలు బాగా కిందికి దిగినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. అప్పుడు ముని పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మనవాళ్లు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు బాగా దించేసుకుంటారు. మోకాలి చిప్ప ముందు నొప్పి రావడానికి చాలాసార్లు అదే కారణం. ఒక్క నట్టు వదులు చేసి రెండంగుళాలు లేపితే పోయే నొప్పికి కొత్త సైకిలెందుకు?

2. నెమ్మదిగా తొక్కండి, ఇంకా నెమ్మదిగా

పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. ఈ నిదానంలోనే అసలు పని జరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును బాగా వాడుకుంటుంది. ఇది మర్నాడు మళ్లీ తొక్కగలిగే శ్రమ కాబట్టి ఫలితం పోగుపడుతుంది. బ్రెవే అని పిలిచే దూరపు సవారీల్లో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్క కడితే గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. అంత దూరం వెళ్లేవాళ్లకే ఆ వేగం సరిపోతే, పక్క ఊరికి వెళ్లొచ్చే మనకు తొందర దేనికి?

3. ఎదురుగాలి వెతుక్కోండి

డెల్టాలో కొండల్లేవు, గాలే మనకు కొండ. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. పోయేటప్పుడు హాయిగా ఉందని దూరం పోయి, వచ్చేటప్పుడు నడిపించుకుంటూ వస్తారు. గాలి అడ్డు వేగం పెరిగినంతే పెరగదు, వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. అందుకే ఎదురుగాలిలో పంతం పట్టకుండా మోచేతులు వంచి, కాస్త ముందుకు ఒంగి, వేగం తగ్గించుకోండి.

4. కిలోమీటర్లు లెక్కపెట్టకండి

లెక్క కావాలంటే నిమిషాలు చూసుకోండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. మొదట్లో ఇరవై నిమిషాలతో మొదలుపెట్టినా పరవాలేదు. ఆదివారం ఒక్కరోజే యాభై కిలోమీటర్లు తొక్కి, వారమంతా కాళ్లు పట్టించుకునే కంటే ఇదే మేలు.

5. మాటిమాటికీ ఆగండి

కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి అంచున రాళ్లో కొబ్బరి మట్టలో పెడతారు, మసక వెలుతురులో అవి కనపడవు. గింజల మీద చక్రం జారుతుంది కూడా. పైగా అది ఒక కుటుంబం ఏడాది కష్టం, దాని మీద తొక్కుకుంటూ పోకూడదు. దిగి పక్క నుంచి నడిపించండి. బాతుల మంద అడ్డొస్తే దాటేదాకా నిలబడండి. గేదెల వెనక బెల్లు మోగిస్తే అవి బెదిరి ఎటు తిరుగుతాయో తెలీదు. నోటితో మెల్లగా అదిలించి, వాటి వెనక వైపు నుంచే దాటండి. కుక్క వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిలుని మధ్యలో పెట్టుకుని నడవండి, చాలా కుక్కలు అక్కడితో వెనక్కి తగ్గుతాయి. ఆగిన ప్రతిసారీ రెండు గుక్కల నీళ్లు తాగండి.

6. సైకిలుని మరీ నమ్ముకోకండి

సైకిలు మీద మన బరువు సీటు మోస్తుంది. గుండెకూ ఊపిరికీ మంచిదే గానీ, ఎముకలు గట్టిపడాలంటే బరువు కాళ్ల మీద పడాలి. వారంలో రెండు రోజులు గుంజీలు తీయండి, మెట్లెక్కండి. నడి ఎండాకాలంలో పొద్దెక్కాక సైకిలు తీయకండి, వడదెబ్బ తగిలితే సంపాదించిన బలమంతా పోతుంది. తెల్లవారుజామున వెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి ఉప్పేసిన మజ్జిగ తాగండి.

తిరగేయకూడనివి

కొన్నింటిలో మాత్రం అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. హెల్మెట్ పెట్టుకోండి. చీకట్లో ముందూ వెనకా లైటు ఉండాలి. ఎడమ పక్కనే వెళ్లండి. చెవుల్లో పాటలు వద్దు, వెనక వచ్చే ట్రాక్టరు చప్పుడు వినపడాలి. గుండెలో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే దిగి కూర్చుని, సాయం కోసం పిలవండి, ఆసుపత్రికి వెళ్లండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

బలం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు, కాలువ వంతెన ఉంది. ఈ చదును దారుల్లో ఎక్కాల్సిన ఎత్తు అదొక్కటే. మొదటి వారం మాట రాకుండా చేసిన ఆ వంతెనను, రెండు మూడు నెలలయ్యాక ఎదురొచ్చినవాళ్లను పలకరిస్తూ ఎక్కుతారు. ఆ రోజు నుంచి రోజుకు ఇంకో పది నిమిషాలు కలపండి. వేగం మాత్రం కలపకండి.