బేరంలో పులి, సంతకంలో పిల్లి

పాత కారు అమ్మడం మనవాళ్లకి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. మంగళవారం, శుక్రవారం బండి గడప దాటకూడదని తెలుసు. ఆషాఢంలో కొనేవాడు రాడనీ, మూఢంలో వచ్చినా టోకెన్ ఇవ్వడనీ తెలుసు. నంబరు కూడితే తొమ్మిది వస్తుంది కాబట్టి పైన ఇరవై వేలు అడగాలని కూడా తెలుసు. తెలియనిది ఒక్కటే: కారు అమ్ముడుపోవడమంటే ఏమిటి? డబ్బు ఖాతాలో పడటమా, తాళాలు చేతులు మారడమా, బండి సందు మలుపు తిరగడమా? మూడూ కాదు. ఆ ఒక్కటీ వదిలేసి మిగతా తంతంతా శాస్త్రోక్తంగా జరిపించే పెద్దమనుషులకు ఈ నాలుగు ముక్కలు అంకితం.

ముందు ప్రకటన సంగతి. "సింగిల్ ఓనర్, డాక్టర్ బండి, షోరూమ్ ట్రాక్, రూపాయి పని లేదు." ఈ ప్రకటనలు చదివితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కార్లు నడిపేది డాక్టర్లు, లేడీ లెక్చరర్లు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు మాత్రమేనని నమ్మాలి. తొమ్మిదిమందిని కుక్కుకుని అన్నవరం వెళ్లొచ్చినవాళ్లు, వానాకాలం అండర్‌పాసులో సైలెన్సరు మునిగేదాకా దింపినవాళ్లు ఈ దేశంలో కార్లు అమ్ముకోరు కాబోలు. ఏడేళ్ల బండి మీటరు ముప్పై ఎనిమిది వేల దగ్గర నిలబడి ఉంటుంది. "ఎక్కడికీ తీయమండీ, శనివారం గుడికి తప్ప" అంటారు. శనివారం గుడికెళ్లే బండికి క్లచ్ ప్లేటు రెండుసార్లు ఎందుకు మారిందో ఆ వెంకటేశ్వరస్వామికే తెలియాలి.

మీటరు వెనక్కి తిప్పించే మహానుభావుడు మరచిపోయేదేమిటంటే, కంపెనీ సర్వీసు సెంటరుకి బండి వెళ్లిన ప్రతిసారీ కిలోమీటర్లు అక్కడి కంప్యూటరులో ఎక్కుతాయి. కొనేవాడు అక్కడికి ఒక్క ఫోన్ చేస్తే చాలు, పోయిన ఏడాది తొంభై వేలున్న బండి ఈ ఏడాది సగానికి ఎలా తగ్గిందో బయటపడుతుంది. నిజం చెప్పమనేది పుణ్యం కోసం కాదు, గిట్టుబాటు కోసమే. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి ముందు పెట్టండి. డాక్టర్ బండి అని పదిసార్లు చెప్పినా రాని ధర ఆ ఫైలుకి వస్తుంది. లోపలా బయటా శుభ్రంగా కడిగించండి, వెలగని బల్బులు వేయించండి, పెండింగ్ చలాన్లు కట్టేయండి. పెయింటు మాత్రం వేయించకండి. కొత్త పెయింటు చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడ గుద్దారు?"

తర్వాత ధర. మన లెక్క వేరు. కొన్న ధరలోంచి కాస్త తీసేసి, దానికి సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, అలాయ్ వీల్స్ కలిపి, పైన సెంటిమెంటు చేరుస్తాం. "ఈ బండి వచ్చాకే మావాడికి అమెరికా వీసా వచ్చింది" అంటాం. వీసాకి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో రేటు లేదు. అదే మోడలు, అదే సంవత్సరం, అటూ ఇటుగా అన్ని కిలోమీటర్లే తిరిగిన బండ్లు మీ ఊళ్లో ఎంతకు పెట్టారో ఓ పది చూడండి. అది అడిగే ధర. ముట్టే ధర దానికి దిగువనే ఉంటుంది.

కొనేవాడి లెక్కా తక్కువదేమీ కాదు. "ఢిల్లీ బండి ఇందులో సగానికే వస్తుంది సార్" అంటాడు. వస్తుంది మరి. పదేళ్లు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండి ఢిల్లీ రోడ్ల మీద తిరగకూడదని 2014, 2015ల్లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఔనంది. అక్కడ గడువు దగ్గరపడ్డ బండ్లు ఎన్‌వోసీ పట్టుకుని దక్షిణాదికి తీర్థయాత్ర మొదలుపెట్టాయి. ఇక్కడ లైఫ్ ట్యాక్సు, నంబరు మార్పు ఖర్చు కలిపితే అంత చౌకేమీ కాదని అతనికీ తెలుసు. అయినా అంటాడు, మీ ముఖం ఎంత వాడుతుందో చూడటానికి.

ఇక కన్సల్టెన్సీ మనిషి, అంటే పాత బండ్ల వ్యాపారి. వస్తూనే కారు వైపు చూడడు. పక్కన నిమ్మకాయ దండ ఇంకా వాడని కొత్త కారు వైపు చూస్తాడు. పాతదానికి పార్కింగ్ లేదు, ఈయనకి తొందరుంది అని ఆ చూపులోనే తేల్చుకుంటాడు. (కొత్తది ఇంటికి రాకముందే పాతది బేరానికి పెట్టమనేది ఇందుకే.) తర్వాత తలుపు తీసి రబ్బరు బీడింగ్ రెండంగుళాలు లాగి, కింద పిల్లరు మీద వెల్డింగు చుక్కలు వేలితో తడుముతాడు. బానెట్ ఎత్తి బోల్టుల మీద స్పానరు గీతలు పడ్డాయేమో వెతుకుతాడు. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. ఇంజిన్ ఆన్ చేయించి, ఆయిల్ మూత తీసి, పైకొచ్చే పొగ మీద అరచెయ్యి పెడతాడు. ఇంతసేపూ నోరు విప్పడు. చివర్లో "ప్చ్" అంటాడు. ఆ ప్చ్ ఖరీదు పాతిక వేలు. దేనికన్నాడో చూపించమనండి. చూపించలేని ప్చ్‌కి మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

కన్సల్టెన్సీ వాళ్లతో పడలేక యాప్ కంపెనీలను ఆశ్రయించేవాళ్లూ ఉన్నారు. అక్కడ ప్చ్ అనే మనిషి ఉండడు, టై కట్టుకున్న కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వస్తాడు. ఫోన్లో ఆరు లక్షల "వరకు" అన్నది, వందల పాయింట్ల తనిఖీ అయ్యాక ఐదుంబావు అవుతుంది. "ఈ ధర రాత్రి తొమ్మిది దాకానే సార్" అంటాడు. తొమ్మిది దాటాక మీ కారేమీ గుమ్మడికాయ అయిపోదు. పొద్దున్నే మళ్లీ ఫోన్ వాళ్లే చేస్తారు.

"జీఎస్టీ కట్ చేసుకుని ఇస్తాం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. పాత కార్ల మీద 18 శాతమన్నది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన మార్జిన్ మీద కట్టుకునేది. సొంత కారు అమ్ముకునే గుమాస్తాకి అది తగలదు.

ఇంతవరకూ మనం పులులమే. మూడు రోజుల బేరం, ముప్పై ఫోన్లు. చివరి ఐదు వేల దగ్గర "గవర్నమెంటు సర్వీసులో తలలు నెరిశాయయ్యా, నాకు చెప్పకు" అని గర్జిస్తాం. నాలుగు లక్షల ఎనభై ఐదు దగ్గర ఖాయమవుతుంది. అప్పుడు కన్సల్టెన్సీ మనిషి సంచిలోంచి బదిలీ కాగితాలు తీస్తాడు. పెన్సిల్‌తో ముందే ఇంటూ మార్కులు పెట్టి ఉంటాయి. "ఇక్కడొకటి సార్, ఇక్కడ, వెనకాల ఇక్కడ." కొనేవాడి పేరు ఖాళీ. చిరునామా ఖాళీ. తేదీ ఖాళీ. "అవన్నీ నేను నింపుకుంటా సార్, మీకెందుకు శ్రమ." ఐదు వేల కోసం మూడు రోజులు గర్జించిన పులి ఫారం 29 రెండు కాపీల మీద, ఫారం 30 మీద అర నిమిషంలో సంతకాలు గీకేస్తుంది. ఆధార్ జిరాక్సు, పాన్ జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు అడక్కముందే ఇస్తుంది. పైగా "కాఫీ తాగి వెళ్లు బాబూ" అంటుంది. బ్యాంకు చెక్కు మీద ఖాళీగా సంతకం పెట్టమంటే పోలీసులకు ఫోన్ చేసే మనిషే ఇతను.

ఆ ఖాళీలు ఎందుకు ఖాళీగా ఉంటాయో మీరు అడగరు కాబట్టి చెబుతున్నాను. మీ పేరు మీంచి తన పేరు మీదికి బదిలీ చేయిస్తే అతనికి ఫీజు ఒకసారి దండగ, ఆర్‌సీలో ఓనర్ల లెక్క ఒకటి పెరుగుతుంది, రేటు పడిపోతుంది. అందుకే అసలు గిరాకీ దొరికేదాకా మీ సంతకాలు అతని డ్రాయరులో నిద్రపోతాయి. దొరికినవాడు ఫైనాన్స్ కుదరక ఇంకొకరికి తోసేస్తే, ఆ సంతకాలే రెండో చేతికి, మూడో చేతికి వెళతాయి. ఆర్నెల్ల తర్వాత ప్రకటనలో "సింగిల్ ఓనర్" అని మళ్లీ కనిపిస్తుంది. ఆ ఓనరు ఎవరనుకున్నారు? మీరే.

చట్టం కూడా అదే అంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 2(30) ప్రకారం వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉందో ఆ మనిషే యజమాని. దీని మీద ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో ఒకాయన కారు అమ్మేశాడు. డబ్బు తీసుకున్నాడు, బండి ఇచ్చేశాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి అమ్ముకుంటూ పోయారు. సీ-బుక్కులో పేరు మాత్రం కదల్లేదు. 2009లో ఆ కారును రివర్సు చేస్తూ ఎవరో ఇద్దరిని గుద్దారు. ఒక ప్రాణం పోయింది. "నేనెప్పుడో అమ్మేశాను మహాప్రభో" అన్న మాట హైకోర్టులో చెల్లింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో చెల్లలేదు. బాధితులు ఎవరు ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగలేరు, రికార్డులో పేరున్నవాడే పరిహారం కట్టాలి అని తేల్చేసింది. న్యాయమైన మాటే. బాధితుడి వైపు నుంచి చూస్తే అంతకంటే న్యాయం లేదు. మీ వైపు నుంచి చూస్తే, రెండేళ్ల కిందట కాఫీ ఇచ్చి పంపిన మనిషి బాకీ అది.

దీనికి విరుగుడు బ్రహ్మవిద్యేమీ కాదు. సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడే రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవాడికి 30 రోజులు. అంటే తెలియజేసే పని మొదట మీదే, కన్సల్టెన్సీ దయాధర్మం కాదు. వ్యాపారికి ఇస్తున్నట్టయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో దారి ఉంది. రవాణా శాఖ గుర్తింపు పొందిన పాత బండ్ల డీలరుకి కారు అప్పగించినట్టు ఫారం 29సిలో తెలియజేస్తే, ఇక బాధ్యత డీలరుదే. తన పేరుకి బదిలీ చేయించుకోకుండానే అతను యజమాని కింద లెక్క. ఈ మాట అనగానే చాలామంది కన్సల్టెన్సీలు "అవన్నీ పెద్ద షోరూములకి సార్" అంటారు. గుర్తింపు పత్రం చూపించమనండి. గొంతు కాస్త తగ్గుతుంది. లేదంటే అసలు కొనేవాణ్ణే తీసుకురమ్మనండి.

చేయాల్సినవి మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఫారాల్లో కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం. ఆధార్ జిరాక్సు మీద బండి నంబరు వేసి "ఈ కారు అమ్మకానికి మాత్రమే" అని అడ్డంగా రాయండి. డెలివరీ రసీదులో తేదీతోపాటు గంట, నిమిషం, మీటరు రీడింగు వేయించండి. ఆ సాయంత్రమే చలాను పడితే ఎవరిదో తేలాలి. లోను తీరినా బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో హెచ్‌పీ (బ్యాంకు తాకట్టు గుర్తు) కొట్టేయించకపోతే బదిలీ ముందుకు కదలదు. ట్రయల్ అడిగినవాడి లైసెన్సు చూసి, పక్క సీట్లో మీరూ కూర్చోండి. డబ్బు పడిందని అతని ఫోన్లో చూపించే స్క్రీన్‌షాటు కాదు, మీ ఖాతాలో కనిపించే అంకె చూడండి. ఫాస్టాగ్ మూసేయండి. లేకపోతే అతను విజయవాడ వెళితే పంతంగి టోలు మీరు కడతారు. మ్యూజిక్ సిస్టంలోంచి మీ ఫోన్ నంబర్లు, మ్యాపులోంచి ఇంటి చిరునామా తుడిచేయండి.

నో క్లెయిమ్ బోనస్ సంగతి చెబితే ఐదు వేల పులులకు కన్నీళ్లే. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. అది బండిది కాదు, మనిషిది. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. టైర్ల అరుగుదల దగ్గర రెండు వేలకి గంటసేపు కొట్లాడిన మనిషి, దీన్ని పాలసీతోపాటు ఊరికే వదిలేసి వస్తాడు.

"ఇవన్నీ చూసుకుంటూ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారండీ" అంటారు, తెలుసు. స్లాటు దొరకదు, సర్వరు డౌను, బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఫీల్డులో ఉన్నారు, కిటికీ దగ్గర అడిగితే గేటు బయట ఏజెంటును చూపిస్తారు. మనిషి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేంత విసిగిపోయేలా పని నడపడం ఓ ప్రభుత్వ విద్య. ఆ విసుగు మీద బతికేవాడి డ్రాయరు నిండా మన సంతకాలే. అయినా ముప్పై ఫోన్లు బేరానికి చేసిన ఓపికలో ఒక్క ఫోన్ అంత దీనికి మిగుల్చుకోండి. నెల తిరిగాక రవాణా శాఖ సైటులో మీ పాత నంబరు కొట్టి చూడండి. కొత్త పేరు కనిపిస్తే కారు అమ్మినట్టు. ఇంకా మీ పేరే ఉంటే, మీరు అమ్మింది ఏమీ లేదు. జీతం అడగని, పెట్రోలు తనే పోసుకునే, ముఖం కూడా ఎరగని ఓ డ్రైవరును పెట్టుకున్నారు. అతను ఎవర్ని గుద్దినా సమన్లు వచ్చేది మీ గుమ్మానికే.